తీర్పరులే పెన్షన్ కోసం కోర్టు మెట్లెక్కితే

ఎనభై ఏళ్లు నిండటం వేరు, ఎనభయ్యో ఏట అడుగుపెట్టడం వేరు. తెలుగు తెలిసిన ఎవరికైనా ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా ఈ ఒక్క ఏడాది తేడా మీద ఒక రిటైర్డ్ న్యాయమూర్తి కోర్టుకు వెళ్లారు, హైకోర్టు తీర్పు చెప్పింది, ఆ తర్వాత పార్లమెంటు చట్టాన్నే సవరించాల్సి వచ్చింది.

రిటైరైన హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు వయసు మీద పడేకొద్దీ పెన్షన్ కొంత పెరుగుతుంది. 80 ఏళ్లకు 20 శాతం, 85కు 30, 90కి 40, 95కు 50 శాతం, నూరేళ్లు వస్తే రెట్టింపు. 2009లో ఈ ఏర్పాటు చట్టంలోకి వచ్చింది. అక్కడ వాడిన మాట '80 ఏళ్ల నుంచి' అని. ఆ మాటకు అర్థం 80వ ఏడు మొదలైన రోజు నుంచి అని, అంటే 79 నిండిన మర్నాటి నుంచే అని, వీరేంద్ర దత్ జ్ఞానీ కేసులో గౌహతి హైకోర్టు 2018లో తేల్చింది. కేంద్రానికి ఆ అర్థం నచ్చలేదు. 2021 డిసెంబరులో సవరణ తెచ్చి, 80 నిండిన నెల ఒకటో తేదీ నుంచే పెంపు వర్తిస్తుందని రాయించింది.

హైకోర్టు న్యాయమూర్తి పూర్తి పెన్షన్ ఏడాదికి 13.5 లక్షలు, అంటే నెలకు 1,12,500 రూపాయలు. అందులో 20 శాతం 22,500. కరవు భత్యం సంగతి పక్కన పెడితే, మొత్తం వివాదం ఒక్కొక్కరికి ఏడాదికి 2.7 లక్షల గురించి. నన్నడిగితే అర్థం విషయంలో కేంద్రం వాదనే సబబు. కానీ మొదటే 'నిండిన' అనే ఒక్క మాట రాసి ఉంటే ఈ కేసే పుట్టేది కాదు. మన దేశంలో న్యాయమూర్తుల పెన్షన్ వివాదాల్లో చాలా వాటి పుట్టుక ఇలాగే ఉంటుంది. చట్టంలో ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని లెక్కలు కట్టే ఆఫీసు తనకు తోచినట్టు నింపుతుంది. దెబ్బ తగిలిన మనిషి కోర్టుకు వెళతాడు. ఆ మనిషి నిన్నటిదాకా అదే కోర్టులో బెంచి మీద కూర్చున్నవాడు కావడం వల్ల ఈ సంగతి మామూలు పెన్షన్ కేసుల కంటే జటిలం అవుతుంది.

రాజ్యాంగం ఈ చిక్కును ముందే ఊహించింది. హైకోర్టు న్యాయమూర్తి పెన్షన్ హక్కులను నియామకం తర్వాత ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని 221వ అధికరణ చెబుతోంది. జీతం రాష్ట్ర సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి వస్తుంది, పెన్షన్ మాత్రం కేంద్ర సంచిత నిధి నుంచి వస్తుంది. రెండింటికీ సభలో ఓటింగు ఉండదు. కోపం వచ్చిన ప్రభుత్వం న్యాయమూర్తి ముసలితనాన్ని పణంగా పెట్టి బెదిరించకుండా వేసిన కంచె ఇది. కంచె గట్టిదే. అయితే 1954 నాటి హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, సర్వీసు నిబంధనల చట్టం లోపల రెండు రకాల మనుషులను తయారుచేసింది. బార్ నుంచి, అంటే న్యాయవాద వృత్తి నుంచి నేరుగా వచ్చిన వాళ్లు ఒక రకం. జిల్లా కోర్టుల్లో పనిచేసి పదోన్నతి మీద వచ్చిన వాళ్లు ఇంకొక రకం. ఒకే బెంచి మీద పక్కపక్కన కూర్చుని, ఒకే తీర్పు మీద సంతకం పెట్టి, ఒకే జీతం తీసుకున్న ఇద్దరు రిటైరైన రోజు నుంచి వేర్వేరు లెక్కల్లోకి వెళ్లిపోయేవారు.

బార్ నుంచి వచ్చినవారికి హైకోర్టులో చేసిన ఒక్కో ఏడాదికి ఇంత అని లెక్క. పూర్తి పెన్షన్ అందాలంటే సుమారు 14 ఏళ్లు పనిచేయాలి. హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు రిటైర్ అవుతారు. మంచి ప్రాక్టీసు ఉన్న న్యాయవాదిని బెంచికి తీసుకునేది ఏ యాభై దాటాకో. ఇక 14 ఏళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విషయంలో ఈ ఇబ్బందిని జస్టిస్ కుల్దీప్ సింగ్ కేసులో 2002లోనే గుర్తించి, బార్‌లో గడిపిన కాలం నుంచి పదేళ్లు కలపాలన్నారు. తర్వాత ఆ పదేళ్లు 2004 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా చట్టంలోకి కూడా వచ్చాయి. హైకోర్టు న్యాయమూర్తులకు మాత్రం రాలేదు.

ఆ పదేళ్ల కోసం పోరాడింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి రిటైరైన జస్టిస్ పి. రామకృష్ణంరాజు. 2002లో వేసిన రిట్ పిటిషన్ మీద 2014 మార్చి 31న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పన్నెండేళ్లు పట్టింది. ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివం, రంజన్ గొగోయ్, ఎన్.వి. రమణల ధర్మాసనం పదేళ్ల ప్రాక్టీసును కలపాల్సిందేనని, అదీ 2004 ఏప్రిల్ 1 నుంచే అని చెప్పింది. రెండేళ్లకు పార్లమెంటు 1954 చట్టంలో 14ఏ సెక్షన్ చేర్చింది. ఆ తీర్పులో మనవాళ్లు అంతగా గుర్తుపెట్టుకోని ఇంకొక విషయం ఉంది. రిటైర్డ్ న్యాయమూర్తులకు ఇంటి సహాయకుడు, ఫోను, వైద్యం వంటి సదుపాయాల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో ఇచ్చిన జీవోను చూపించి, మిగతా రాష్ట్రాలు కూడా అలాంటి పథకం తెచ్చుకోవాలని ధర్మాసనం చెప్పింది. ఆ చిన్న సూచన దశాబ్దం తర్వాత ఉత్తరప్రదేశ్‌లో ఎంత దూరం వెళ్లిందో కింద చెబుతాను.

పదేళ్లు కలిశాక తూకం రెండో వైపుకు ఒరిగింది. జిల్లా జడ్జిగా పాతికేళ్లు చేసి, చివరి రెండు మూడేళ్లు హైకోర్టులో కూర్చున్న వారి గోడు మొదలైంది. పంజాబ్, హర్యానా హైకోర్టు నుంచి రిటైరైన జస్టిస్ రాజ్ రాహుల్ గర్గ్ కేసు చూడండి. ఆమె 2014 జులై 31న జిల్లా జడ్జిగా రిటైరయ్యారు. సెప్టెంబరు 25న హైకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. ఆ విరామానికి ఆమె బాధ్యత ఏమీ లేదు. పేరు సిఫారసు చేసేది సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియం, నియామక ఉత్తర్వు ఇచ్చేది కేంద్రం. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకొక బల్ల మీదకు వెళ్లడానికి పట్టిన ఆ కొద్ది వారాలను 'సర్వీసులో విరామం' అన్నారు. హైకోర్టు న్యాయమూర్తిగా తీసుకున్న చివరి జీతం మీద, రెండు సర్వీసులూ కలిపి పెన్షన్ కట్టడానికి కేంద్రం ఒప్పుకోలేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఆమె 2016లోనే రిటైరయ్యారు.

ఈలోగా పట్నాలో ఇంకొక సమస్య. కొత్త పెన్షన్ పథకం కింద జిల్లా జడ్జిలుగా చేరి హైకోర్టుకు వచ్చిన ఏడుగురు న్యాయమూర్తుల జీపీఎఫ్ (పాత పెన్షన్ ఉన్నవారి సాధారణ భవిష్య నిధి) ఖాతాలు మూసేశారని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకు తెలిసింది. మరుసటి ఏడాది ఇంకా దారుణం. జీపీఎఫ్ ఖాతా లేదన్న కారణంతో అదే హైకోర్టులో ఒక న్యాయమూర్తికి పది నెలల దాకా జీతమే రాలేదు. రోజూ బెంచి మీద కూర్చుని ఇతరుల తగవులు తీరుస్తున్న మనిషికి నెల జీతం లేదు. తాత్కాలిక ఖాతా తెరిచి జీతం ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇందులో రాజకీయ కక్ష ఏమీ కనిపించదు. ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది, ఆ గడిని ఎవరు నింపాలో చట్టం చెప్పలేదు. అంతే.

ఈ పాయలన్నీ వచ్చి 2025 మే 19 నాటి సుప్రీంకోర్టు తీర్పులో కలిశాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్, అగస్టీన్ జార్జ్ మసీహ్, కె. వినోద్ చంద్రన్‌ల ధర్మాసనం ఒకే హోదా, ఒకే పెన్షన్ అంది. బార్ నుంచి వచ్చినా, జిల్లా కోర్టు నుంచి వచ్చినా, ఎప్పుడు రిటైరైనా, మధ్యలో విరామం ఉన్నా, కొత్త పెన్షన్ పథకం కింద చేరినా, ఎన్నేళ్లు పనిచేసినా హైకోర్టు న్యాయమూర్తికి ఏడాదికి 13.5 లక్షలు, ప్రధాన న్యాయమూర్తిగా రిటైరైతే 15 లక్షలు. అదనపు న్యాయమూర్తిగానే పదవీకాలం ముగిసిన వారికీ ఇదే. సర్వీసులో ఉండగా చనిపోయినవారి కుటుంబాలకు గ్రాట్యుటీ విషయంలోనూ తేడా చూపకూడదంది.

ఈ తీర్పు అసలు ఉద్దేశాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. కొందరు రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తులకు నెలకు పది, పదిహేను వేల పెన్షన్ వస్తోందని అంతకు ముందు విచారణల్లోనే బయటపడింది. వచ్చిన దారిని బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి పోవాల్సిందే. అయితే ఒక్కచోట నాకు సందేహం ఉంది. దారి వేరైనా హోదా ఒకటే అనడం సమానత్వం. రెండేళ్లు చేసినవారికీ పద్నాలుగేళ్లు చేసినవారికీ ఒకే మొత్తం అనడం విధాన నిర్ణయం. చట్టంలో ఏడాదికి ఇంత అన్న లెక్కను పార్లమెంటు కావాలనే పెట్టింది. దాన్ని మార్చాలంటే మార్చాల్సింది కూడా పార్లమెంటే. రాజ్యాంగ పదవికి ఏళ్ల కొలబద్ద తగదనే వాదన బలమైనదే కావచ్చు. ఆ వాదన సభలో జరిగి ఉంటే, పెన్షన్ పొందబోయేవారే పెన్షన్ నిర్ణయించుకున్నారన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

ఎవరి తగవుకు వారే తీర్పరి కాకూడదన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. న్యాయమూర్తుల పెన్షన్ కేసును విచారించడానికి న్యాయమూర్తులు కాక వేరే ఎవరూ ఉండరు కాబట్టి తప్పనిసరై విచారిస్తారు. ఏ దేశంలోనైనా అంతే. బ్రిటన్‌లో రోజుకూలీ పద్ధతిలో ఫీజు తీసుకునే పార్ట్‌టైమ్ న్యాయమూర్తి ఒకరు, ఓబ్రయన్, తనకూ పెన్షన్ రావాలని ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచారు. అక్కడే మెక్‌క్లౌడ్ కేసులో, వయసులో చిన్నవారైన న్యాయమూర్తులను మాత్రమే తక్కువ లాభం ఉన్న పథకంలోకి నెట్టడం వివక్ష అని 2018 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తర్వాత జరిగింది మనం గమనించాలి. అదే కేసులో అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. ఆ సూత్రం టీచర్లు, నర్సులు, పోలీసులు సహా ప్రభుత్వ రంగం మొత్తానికీ వర్తించింది. న్యాయమూర్తులు గెలిచిన కేసుతో లక్షల మంది మామూలు ఉద్యోగుల పెన్షన్ లెక్కలు మళ్లీ కట్టారు.

మన దగ్గర కూడా ఒకప్పుడు అలాంటి వెలుగు ఉండేది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో రాజ్యాంగ ధర్మాసనం పెన్షన్ దయాదాక్షిణ్యం కాదంది. 1979 మార్చి 31 అనే తేదీ గీత గీసి పెన్షనర్లను రెండుగా చీల్చడం చెల్లదంది. ఇప్పటికీ డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకొనేది అందుకే. కానీ 2025 మార్చిలో ఆర్థిక చట్టంతో పాటు పార్లమెంటు ఏం చేసిందో చూడండి. కేంద్ర పెన్షనర్లను వర్గాలుగా విభజించే అధికారం, రిటైరైన తేదీని బట్టి తేడా చూపే అధికారం ప్రభుత్వానికి ఉందని, అదీ 1972 నుంచీ ఉన్నట్టేనని చట్టం చేసింది. రెండు నెలలకు సుప్రీంకోర్టు హైకోర్టు న్యాయమూర్తుల మధ్య రిటైరైన తేదీని బట్టి తేడా చూపకూడదంది. ఒకే ఏడాది, ఒకే దేశం. గుమాస్తాకు ఒక న్యాయం, న్యాయమూర్తికి ఒక న్యాయం అనే బాధ పెన్షనర్ల సంఘాల్లో కలిగితే అది అసూయ అని కొట్టిపారేయలేం.

గుమాస్తా దాకా వెళ్లక్కర్లేదు. న్యాయవ్యవస్థలోనే కింది మెట్టు మీద ఉన్నవారి సంగతి చూద్దాం. మన ఊళ్లలో మున్సిఫ్ కోర్టు అని పిలుచుకునే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మొదలై, సీనియర్ సివిల్ జడ్జిగా, అదృష్టం బాగుంటే జిల్లా జడ్జిగా రిటైరయ్యేవారు వీళ్లు. పొలం గట్టు తగాదా నుంచి హత్య కేసు దాకా జనం మొదట చూసే న్యాయమూర్తులు వీళ్లే. వీళ్ల పెన్షన్ కేంద్ర సంచిత నిధి నుంచి రాదు. రాష్ట్ర ట్రెజరీ నుంచి వస్తుంది. 221వ అధికరణ కంచె వీళ్లకు లేదు.

వీళ్ల కోసం సుప్రీంకోర్టు 2017 మేలో రెండో జాతీయ న్యాయ వేతన సంఘం వేయించింది. దానికి అధ్యక్షుడు మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పి. వెంకటరామరెడ్డి. 2020 జనవరి చివర నివేదిక ఇచ్చారు. పాత జీతాన్ని 2.81తో హెచ్చవేయాలన్నది దాని ముఖ్య సూత్రం. 27,700తో మొదలయ్యే జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం 77,840 అయింది అలాగే. అమలు తేదీ 2016 జనవరి 1. జీతాల పెంపును కోర్టు 2022 జులైలో ఆమోదించింది. కేంద్రం రివ్యూ వేసింది, 2023 ఏప్రిల్‌లో అది వీగిపోయింది. పెన్షన్ల మీద తీర్పు 2023 మే 19న వచ్చింది. జులై 1 నుంచి కొత్త పెన్షన్ ఇవ్వాలి. బకాయిల్లో పావు వంతు ఆగస్టు చివరికి, ఇంకో పావు అక్టోబరు చివరికి, మిగిలిన సగం డిసెంబరు 31కి చెల్లించాలి.

కాగితం మీద ఇంత తేలిగ్గా ఉన్న లెక్క చేతల్లో ఎలా ఉంటుందో పెన్షనర్లకే తెలుసు. ముందు ఎప్పుడో రిటైరైన మనిషి అప్పటి స్కేలులో ఏ మెట్టు మీద ఉన్నాడో తేల్చాలి. దాన్ని కొత్త స్కేలులోకి తేవాలి. అందులో సగం పెన్షన్, దాని మీద కరవు భత్యం, పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి తీసుకున్న సొమ్ము (కమ్యుటేషన్) మినహాయింపు, బకాయిల పట్టిక. ప్రభుత్వం ముందు జీవో ఇవ్వాలి. తర్వాత ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) సవరించాలి. ఆపైన ట్రెజరీ బిల్లు పాస్ కావాలి. ఈ మూడు చోట్ల ఎక్కడ ఆగినా డబ్బు రాదు. ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికే నెలలు పడుతుంది. ఆయన చనిపోయి భార్య ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటూ ఉంటే ఆ టెన్షన్ మొత్తం ఆమెది. భర్త సర్వీసు రిజిస్టరులో ఏముందో ఆమెకు ఏం తెలుస్తుంది?

గడువులు దాటాయి. 2024 నడిమికి కూడా అమలు చేయని పలు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను, ఆర్థిక శాఖ కార్యదర్శులను సుప్రీంకోర్టు పిలిపించింది. ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన జిల్లా జడ్జిలు 19, 20 వేల పెన్షన్‌తో ఎలా బతుకుతారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అంతకు ముందే, 2024 ఫిబ్రవరిలో, అటార్నీ జనరల్‌ను అడిగారు.

రాష్ట్రాల వాదన కూడా వినాలి. మాకు వేరే ఉద్యోగులు ఉన్నారు, ఒక్కరికి పెంచితే అందరూ అడుగుతారు, ఖజానా ఒప్పుకోదు అంటాయి. ఖజానా ఇబ్బంది నిజమే. కానీ ప్రతి రాష్ట్రంలో అతిపెద్ద కక్షిదారు ప్రభుత్వమే. భూసేకరణ పరిహారం నుంచి ఉద్యోగుల సర్వీసు కేసుల దాకా జిల్లా జడ్జి ముందుకు, హైకోర్టు ముందుకు నిత్యం వచ్చేది ప్రభుత్వమే. తన మీద తీర్పు చెప్పే మనిషి పెన్షన్ ఫైలు తన బీరువాలో పెట్టుకుని, డబ్బు లేదు కాబట్టి ఆపాను అంటే జనం ఎలా నమ్మాలి? ఇది ఆ న్యాయమూర్తి సొంత నష్టంతో ఆగదు. రేపు రిటైర్ కాబోయేవారు కూడా ఆ బీరువా వైపే చూస్తారు.

ఇక ఉత్తరప్రదేశ్ సంగతి. రిటైర్డ్ న్యాయమూర్తులకు ఇంటి సహాయకుల వంటి సదుపాయాల మీద, ప్రధాన న్యాయమూర్తి ప్రతిపాదించిన నిబంధనలను నోటిఫై చేయాలని అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం చేయలేదు. 2023 ఏప్రిల్‌లో ఆర్థిక శాఖ కార్యదర్శి సహా ఇద్దరు అధికారులను కోర్టులోనే కస్టడీలోకి తీసుకున్నారు. ప్రధాన కార్యదర్శి మీద వారెంటు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, 2024 జనవరి 3న ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. నిబంధనలు ఇలా చేయండని ప్రభుత్వాన్ని శాసించే అధికారం హైకోర్టుకు లేదంది. అధికారులను ఊరికే పిలిపించి నిలబెట్టకుండా దేశమంతటికీ ఒక పద్ధతి రాసిచ్చింది. మంచి పని చేసింది. తమవారి సదుపాయాల కోసం కోర్టు ఒక అధికారిని జైలు గడప దాకా తీసుకెళితే, రేపు ఒక పేదవాడి పెన్షన్ కేసులో అదే కోర్టు నెమ్మదిగా వాయిదా వేసినప్పుడు వచ్చే ప్రశ్నకు జవాబు ఉండదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. 2025 మే తీర్పులోని అంశాలన్నీ 1954 చట్టంలో సెక్షన్లుగా కనిపించాలి. ఏళ్ల లెక్క ఉంచాలా తీసేయాలా అన్నది సభలో చర్చించి మరీ రాయాలి. జిల్లా జడ్జిగా రిటైర్మెంటుకు, హైకోర్టులో ప్రమాణ స్వీకారానికి మధ్య వచ్చే ఖాళీ సర్వీసే అని ఒక్క వాక్యం ఉంటే చాలు. జిల్లా న్యాయమూర్తుల విషయంలో, కొత్త స్కేలు ఖరారైన రోజే పాత పెన్షన్ కూడా దానంతట అదే మారాలి. ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేకుండా, ఏజీ ఆఫీసు తనంతట తానే పీపీవో సవరించి పంపాలి. గడువు దాటిన ప్రతి నెలకూ వడ్డీ పడాలి. ఫ్యామిలీ పెన్షనర్లవి, 80 దాటినవారివి ముందు తేలాలి. ఇందులో దేనికీ న్యాయమూర్తి ఇంకొక న్యాయమూర్తి ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

పదేళ్ల వేతన చక్రం మళ్లీ తిరిగింది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన 8వ కేంద్ర వేతన సంఘానికి 2025 అక్టోబరులో విధివిధానాలు ఖరారయ్యాయి. నివేదికకు 18 నెలల గడువు. గత చక్రంలో హైకోర్టు న్యాయమూర్తుల జీతాల సవరణ 2018 జనవరికే చట్టమైంది. జిల్లా న్యాయమూర్తుల పెన్షన్ మాత్రం 2023 దాకా సాగింది. 2016 జనవరి 1న 75 నిండిన ఒక రిటైర్డ్ సబ్‌జడ్జిని ఊహించుకోండి. బకాయిల చివరి వాయిదా గడువు నాటికి ఆయనకు 83 నిండటానికి ఒక్క రోజే తక్కువ. కొత్త చక్రం మొదలైన 2026 జనవరి 1న 85 నిండాయి. ఆయన ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది?